రాక్ బ్యాండ్‌తో క్లబ్బులు, ఆడిటోరియంలు కలిపి టూర్ వేయడం ఎలా?

"సొంత పాటలు పది పన్నెండు ఉన్నాయి. ఊళ్లో కొన్ని షోలు చేశాం. ఇప్పుడు బయటి ఊళ్లకు వెళ్లాలి. ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?" తెలుగు బ్యాండ్ల నుంచి పదే పదే వచ్చే ప్రశ్న ఇది.

బుకింగ్ ఎలా దొరుకుతుందన్నది అందరూ అడుగుతారు. అయితే టూర్లు దెబ్బతినేది ఎక్కువగా మరోచోట. క్లబ్బుకూ ఆడిటోరియానికీ ఒకే సెట్ (వాయించే పాటల వరస), ఒకే లెక్క, ఒకే సౌండ్ ప్లాన్ పట్టుకుని వెళ్తారు. క్లబ్‌లో సౌండ్ సిస్టమ్ ఉంటుంది, జనం ఉంటారు, కానీ చోటూ టైమూ ఉండవు. ఆడిటోరియంలో చోటు, టైము ఉంటాయి. మిగతాదంతా, ఆఖరి కేబుల్‌తో సహా, మీరే తెచ్చుకోవాలి. ఈ తేడాను మొదటి రోజు నుంచీ లెక్కలోకి తీసుకుంటే సగం ఇబ్బందులు రావు.

ఉదాహరణకు ఒక ఐదుగురి బ్యాండ్ అనుకుందాం: డ్రమ్స్, బేస్, రెండు గిటార్లు, పాడేవాళ్లు ఒకరు. హైదరాబాద్, బెంగళూరుల్లో క్లబ్బులు. చెన్నై, విజయవాడ, విశాఖపట్నంలో ఆడిటోరియంలు.

ముందుగా చేతిలో ఉండాల్సినవి

- 45 నిమిషాల సెట్ ఒకటి, 80 నిమిషాల సెట్ ఒకటి. రెండూ గడియారం పెట్టుకుని ప్రాక్టీస్ చేసినవి.
- లైవ్ వీడియో ఒకటి, మూడు నాలుగు నిమిషాలది. స్టూడియో పాట పంపితే క్లబ్ వాళ్లకు మీరు స్టేజీ మీద ఎలా ఉంటారో తెలియదు.
- ఇన్‌పుట్ లిస్ట్ (మిక్సర్‌లోకి వచ్చే మైకులు, వాయిద్యాల జాబితా), స్టేజ్ ప్లాట్ (స్టేజీ మీద ఏది ఎక్కడ ఉండాలో చూపే బొమ్మ). రెండూ కలిపి ఒకే పేజీ పీడీఎఫ్.
- మీ సొంత సౌండ్ ఇంజనీర్. బ్యాండ్‌లో ఆరో మనిషి ఎవరని అడిగితే మేనేజర్ కంటే ముందు ఇతన్నే పెట్టుకోమంటాం.
- మల్టీమీటర్, మూడు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బోర్డులు మూడు, డీఐ బాక్సులు (వాయిద్యాన్ని నేరుగా మిక్సర్‌కు కలిపే చిన్న పెట్టెలు) రెండు, 6 మీటర్ల గిటార్ కేబుళ్లు అవసరమైనవాటి కంటే రెండు ఎక్కువ, గాఫర్ టేప్, డ్రమ్ కీ, స్పేర్ తీగలు, టార్చ్.
- ఖర్చులకు ఉమ్మడి డబ్బు, దాన్ని రాసే బాధ్యత ఒక్కరికే.

1. క్లబ్బా, ఆడిటోరియమా? అంకెలు వేసి తేల్చుకోండి

ఆడిటోరియం షో లెక్క ఇలా వేయండి. ఇవి నమూనా అంకెలు, మీ ఊరి రేట్లు పెట్టుకోండి. హాలు అద్దె 30,000, సౌండ్, లైట్లు 60,000, డ్రమ్ కిట్, ఆంప్‌ల అద్దె 15,000, ప్రయాణంలో ఆ షో వాటా 25,000, గదులు, తిండి 12,000, ప్రచారం 8,000. మొత్తం లక్షన్నర. టికెట్ 499 పెట్టి, అమ్మే యాప్ కమీషన్ పది శాతం పోతే చేతికి 449 వస్తుంది. అంటే ఖర్చు రావడానికే 335 టికెట్లు తెగాలి.

ఆ ఊళ్లో మీకోసం 335 మంది వస్తారా? ఇన్‌స్టాగ్రామ్ ఫాలోవర్లను చూసి ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోవద్దు. అదే ఊళ్లో అంతకుముందు మీకు తెగిన టికెట్లను చూసి చెప్పుకోండి. ఇంతకుముందు అక్కడ వాయించకపోతే ఆ ఊళ్లో మొదటి షో క్లబ్‌లో గానీ, కాలేజీ ఫెస్ట్‌లో గానీ, లేదా స్థానిక బ్యాండ్‌తో హాలు పంచుకుని గానీ చేయండి.

టికెట్ 499 ఎందుకంటే, సంగీత కార్యక్రమం ప్రవేశ రుసుము మనిషికి 500 వరకు ఉంటే జీఎస్టీ మినహాయింపు ఉంది. దాటితే పన్ను పడుతుంది. హాలు అద్దెమీదా, సౌండ్ బిల్లుమీదా పడే జీఎస్టీ వేరు, దాన్ని ఖర్చులో కలుపుకోవడం మర్చిపోవద్దు.

2. దారి గీయండి, రెండు వారాంతాలుగా విడగొట్టండి

హైదరాబాద్ నుంచి బెంగళూరు దాదాపు 570 కిలోమీటర్లు, అక్కణ్నుంచి చెన్నై 350, చెన్నై నుంచి విజయవాడ 450, విజయవాడ నుంచి విశాఖ 350, విశాఖ నుంచి హైదరాబాద్ 620. మొత్తం 2,300 పైనే. ఇది ఒకే వరసలో చేస్తే సోమవారం నుంచి గురువారం దాకా షో లేని రోజులకు కూడా గదులు, తిండి, బండి అద్దె కట్టాలి. టెంపో ట్రావెలర్ వాళ్లు చాలామంది రోజుకు కనీసం ఇన్ని కిలోమీటర్లని, సాధారణంగా 300 దాకా, లెక్కగడతారు. బండి కదలకపోయినా ఆ డబ్బు ఇవ్వాలి. టోల్, డ్రైవర్ బత్తా, పక్క రాష్ట్రం పర్మిట్ ఆ రేటులో ఉన్నాయో లేదో ముందే అడగండి.

అందుకే మొదటి టూర్‌కు ఈ పద్ధతి మంచిది. మొదటి వారం: గురువారం హైదరాబాద్ క్లబ్, శుక్రవారం ప్రయాణం, శనివారం బెంగళూరు, ఆదివారం చెన్నై, సోమవారం ఇంటికి. రెండో వారం: శుక్రవారం ప్రయాణం, శనివారం విజయవాడ, ఆదివారం విశాఖ.

హైదరాబాద్‌లో గురువారం ఎందుకంటే, శుక్ర, శనివారాలు చాలా క్లబ్బులు డీజేలకు ఉంచుకుంటాయి. కొత్త బ్యాండ్‌కు వారం మధ్యలో తేదీ తేలిగ్గా దొరుకుతుంది.

హెచ్చరిక: షో అయ్యాక రాత్రికి రాత్రి బండి తీయవద్దు. పొద్దున్నుంచీ మెలకువగా ఉన్న డ్రైవర్‌తో విశాఖ నుంచి హైదరాబాద్ దారి పట్టడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. గది ఖర్చు పెట్టుకోండి, పొద్దున్నే బయల్దేరండి.

రైలైతే స్లీపర్‌లోనూ, థర్డ్ ఏసీలోనూ మనిషికి 40 కిలోల సామాను ఉచితం. గిటార్లు, పెడల్ బోర్డులు దాంతో సరిపోతాయి. పెద్ద పెట్టెలు పార్సిల్ ఆఫీసులో బుక్ చేయాలి, అవి అదే రైల్లో వస్తాయో లేదో అక్కడే ఖాయం చేసుకోండి. విమానమైతే గిటార్‌ను గట్టి కేసులో పెట్టి, తీగల బిగువు కొంచెం తగ్గించండి. పవర్ బ్యాంకులు, విడి లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి.

3. డబ్బు మాట రాతలో పెట్టుకోండి

క్లబ్బులతో మూడు రకాల ఒప్పందాలుంటాయి: స్థిరమైన ఫీజు, టికెట్ డబ్బులో వాటా, లేదా ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది.

మూడోది వినడానికి బాగుంటుంది. "30,000 లేదా టికెట్లలో 70 శాతం, ఏది ఎక్కువైతే అది" అన్నారనుకోండి. 120 టికెట్లు 499 చొప్పున తెగితే 59,880. అందులో 70 శాతం 41,916. కానీ ఒప్పందంలో "ఖర్చులు పోగా" అన్న మాట ఉంటే, క్లబ్ 15,000 ఖర్చు చూపించగానే మీ వాటా 31,416కు దిగుతుంది. ఏయే ఖర్చులు, గరిష్ఠంగా ఎంత అన్నది ముందే రాయించుకోండి.

ఇంకో చిక్కు: కవర్ చార్జి మొత్తాన్ని తిండికీ డ్రింక్స్‌కూ వాడుకోనిచ్చే క్లబ్‌లో పంచుకోవడానికి టికెట్ డబ్బే ఉండదు. అక్కడ స్థిరమైన ఫీజే అడగండి.

రాతలో ఉండాల్సినవి: ఫీజు, సగం అడ్వాన్స్, మిగతాది ఎప్పుడు, సౌండ్‌చెక్ టైము, స్టేజీ ఎక్కే టైము, దిగే టైము, ఎంతమందికి భోజనం, పోలీసు అనుమతి, సంగీత లైసెన్సుల బాధ్యత ఎవరిది. సెట్‌లో సినిమా పాటల కవర్లు ఉంటే ఐపీఆర్‌ఎస్ (పాటల రచయితలు, స్వరకర్తల హక్కుల సంస్థ) లైసెన్సు అవసరం. మామూలుగా నిర్వాహకులు తీసుకుంటారు, ఆడిటోరియం షోకు నిర్వాహకులు మీరే అని గుర్తుంచుకోండి. ఫీజులో 10 శాతం టీడీఎస్ కోయవచ్చు, పాన్ ఇవ్వకపోతే 20 శాతం. వాట్సాప్‌లో "సరే" అన్న ముక్క చాలదు. ఈమెయిల్‌లో పెట్టి, అవతలివాళ్లతో ఒప్పుకుంటున్నామని జవాబు రాయించుకోండి.

టైము గురించి ఒక మాట. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు నిషేధం, మూసిన హాళ్లకు మాత్రం మినహాయింపు ఉంది. హైదరాబాద్‌లో పబ్బుల శబ్దం మీద 2022లో వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది, అప్పట్నుంచీ క్లబ్బులు టైము విషయంలో జాగ్రత్తగా ఉంటాయి. ఓపెన్ టెర్రస్ క్లబ్ అయితే పదింటికి ఆఖరి పాట అయిపోయేలా సెట్ కట్టుకోండి. మంచి పాటను చివరికని దాచుకుంటే అది మోగకుండానే పోవచ్చు.

4. ఇన్‌పుట్ లిస్ట్ రాయండి

మా నమూనా బ్యాండ్‌కు 16 లైన్లు చాలు: 1 కిక్, 2 స్నేర్, 3 హైహ్యాట్, 4 టామ్, 5 ఫ్లోర్ టామ్, 6, 7 ఓవర్‌హెడ్‌లు (డ్రమ్స్ పైన పెట్టే మైకులు), 8 బేస్ డీఐ, 9, 10 గిటార్లు, 11, 12 ల్యాప్‌టాప్ ట్రాకులు (ముందే రికార్డ్ చేసినవి), 13 మెయిన్ వోకల్, 14, 15 కోరస్ వోకల్స్, 16 క్లిక్ (తాళం తప్పకుండా వినిపించే టిక్ టిక్ శబ్దం). క్లిక్ పక్కన "డ్రమ్మర్ చెవికి మాత్రమే, బయటి స్పీకర్లకు వద్దు" అని పెద్దక్షరాల్లో రాయండి.

క్లబ్‌లో 12 చానళ్లే ఉంటే ఏం వదులుకుంటారో కూడా అదే కాగితంలో ఉండాలి: హైహ్యాట్ తీసేయడం, ఓవర్‌హెడ్ ఒక్కటే, ట్రాకులు మోనో, కోరస్ మైకు ఒక్కటే. ఇది అక్కడికక్కడ ఆలోచిస్తే సౌండ్‌చెక్‌లో పావుగంట పోతుంది.

స్టేజ్ ప్లాట్‌లో మనుషుల పేర్లకంటే ముఖ్యమైనవి కరెంటు ప్లగ్గులు ఎక్కడెక్కడ కావాలో, మానిటర్ స్పీకర్లు (స్టేజీ మీద బ్యాండ్ వినడానికి పెట్టేవి) ఎన్ని కావాలో, ఎవరి మానిటర్‌లో ఏం వినపడాలో. షోకు వారం ముందు పంపండి, రెండు రోజుల ముందు ఫోన్ చేసి చదివించండి. పంపిన పీడీఎఫ్‌ను అవతల సౌండ్ మనిషి చూడకపోవడం చాలా మామూలు, అది క్లబ్ మేనేజర్ ఫోన్‌లోనే ఉండిపోతుంది.

డ్రమ్ కిట్ వాళ్లది వాడినా స్నేర్, సింబల్స్, కిక్ పెడల్, కూర్చునే స్టూలు మీవే తీసుకెళ్లండి.

5. క్లబ్ రోజు

మీకు దొరికే సౌండ్‌చెక్ 45 నిమిషాలు, ఒక్కోసారి 20. నలభై ఐదైతే: లైన్లు వస్తున్నాయో లేదో పది నిమిషాలు, డ్రమ్స్ పదిహేను, బేస్, గిటార్లు పది, వోకల్స్‌తో ఒక పాట పది. ఇరవై అయితే లైన్ చెక్ చేసి నేరుగా రెండు పాటల ముక్కలు వాయించండి, మీ దగ్గరున్నవాటిలో అన్నిటికంటే గట్టిదీ అన్నిటికంటే నెమ్మదైనదీ.

చిన్న క్లబ్‌లో డ్రమ్స్ మైకు లేకుండానే గది నింపేస్తాయి. కిక్ మైకు ఒక్కటి ఉంచి మిగతావి తగ్గించేసి, స్పీకర్లలో చోటంతా గొంతుకు ఇవ్వండి. గిటార్ ఆంప్‌ను నేలమీద పెడితే గిటారిస్టుకు మోకాళ్ల దగ్గర మోగుతుంది, వినపడటం లేదని వాల్యూమ్ పెంచుతాడు, ఎదురుగా ఉన్న ఆడియెన్స్ చెవులు పోతాయి. స్టాండ్ మీద ఎత్తి, అతని చెవివైపు వంచండి.

మానిటర్‌లో "నాది పెంచు" అని ఐదుగురూ అడిగితే చివరికి ఎవరిదీ వినపడదు, మైకు కూయడం మొదలవుతుంది. ముందు వేరేవాటిని తగ్గించమనండి.

క్లబ్‌లో డిజిటల్ మిక్సర్ ఉంటే మీ పెన్‌డ్రైవ్‌లోని పాత సీన్ (సేవ్ చేసి పెట్టుకున్న మిక్సర్ సెట్టింగులు) లోడ్ చేయాలనిపిస్తుంది. ఆగండి. మొత్తం సీన్ లోడ్ చేస్తే ఆ క్లబ్ స్పీకర్ల రౌటింగ్ (ఏ శబ్దం ఎటు వెళ్లాలన్నది), ఈక్యూ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉండాలన్నది) చెరిగిపోతాయి. ముందు వాళ్ల సీన్ సేవ్ చేయించి, మీ చానళ్ల సెట్టింగులు మాత్రమే తెచ్చుకోండి, గెయిన్ (ఒక్కో లైను లోపలికొచ్చే స్థాయి) మాత్రం అన్నిటికీ మళ్లీ కొత్తగా పెట్టండి.

6. ఆడిటోరియం రోజు

విజయవాడలో తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రం, విశాఖలో కళాభారతి, హైదరాబాద్‌లో రవీంద్రభారతి లాంటివి నాటకాలు, నృత్యాలు, కచేరీలు, సభలు జరిగే వేదికలు. చెన్నై ఎగ్మోర్‌లోని మ్యూజియం థియేటర్ అయితే మైకులే లేని 19వ శతాబ్దం చివర్లో కట్టింది. ఇలాంటి గదుల్లో మాట చక్కగా వినపడుతుంది, డ్రమ్స్ మాత్రం విరుచుకుపడతాయి. అక్కడ రాక్ సౌండ్ రావాలంటే పని మధ్యాహ్నం నుంచే మొదలవ్వాలి.

బుక్ చేసేటప్పుడు అడగాల్సినవి: అద్దె రోజుకా, పూటకా? సాయంత్రం పూట మాత్రమే తీసుకుంటే సామాను లోపలికి నాలుగింటికి గానీ రానివ్వకపోవచ్చు, అది చాలదు. ఏసీ, జనరేటర్ చార్జీలు విడిగానా? డిపాజిట్ ఎంత, ఎప్పుడు తిరిగిస్తారు? హాలు ఎలక్ట్రీషియన్ షో అయ్యేదాకా ఉంటాడా?

సౌండ్ అద్దెకిచ్చేవాళ్లకు "రాక్ షో" అని చెబితే అర్థం కాకపోవచ్చు, పెళ్లి ఆర్కెస్ట్రాకు తెచ్చే సామానే తెస్తారు. కాగితం మీద ఇలా రాసివ్వండి: సబ్‌లు (కింది ఫ్రీక్వెన్సీల స్పీకర్లు) తప్పనిసరి, మిక్సర్ కనీసం 24 చానళ్లు, మానిటర్లు నాలుగు, నాలుగూ విడివిడి మిక్స్‌లు, డ్రమ్ మైకుల సెట్, డీఐలు నాలుగు, స్టాండ్లు పది, డ్రమ్స్ కింద వేయడానికి 2 మీటర్ల చదరపు కార్పెట్. సబ్ లేకపోతే కిక్, బేస్ రెండూ కార్డ్‌బోర్డ్ పెట్టె కొట్టినట్టుంటాయి, దాన్ని ఏ ఈక్యూ బాగుచేయదు.

రోజు ఇలా గడవాలి: ఒంటిగంటకు సామాను దింపడం, మూడింటికి స్పీకర్లు, లైట్లు పూర్తి, మూడున్నరకు లైన్ చెక్, నాలుగు నుంచి ఐదున్నర సౌండ్‌చెక్, ఆరింటికి తలుపులు, ఆరున్నరకు షో.

సౌండ్‌చెక్‌లో మూడు విషయాలు చూడండి.

మొదటిది, ఖాళీ హాలు మోసం చేస్తుంది. కుర్చీల్లో మనుషులు కూర్చున్నాక ప్రతిధ్వని తగ్గుతుంది, ముఖ్యంగా పై ఫ్రీక్వెన్సీల్లో. ఖాళీ గదిలో చురుగ్గా ఉందని హైస్ అంతా కోసేస్తే షోలో గొంతు దుప్పటి కప్పినట్టవుతుంది. డ్రమ్స్ వెనక నల్ల తెర దించి ఉంచండి, అదే చాలావరకు సర్దుతుంది.

రెండోది, మానిటర్ పెట్టే చోటు. ఎస్‌ఎం58 లాంటి కార్డియాయిడ్ (ముందువైపు శబ్దాన్ని ఎక్కువగా పట్టే) మైకుకు సరిగ్గా వెనకవైపు శబ్దం తక్కువగా అందుతుంది, మానిటర్ నేరుగా దాని తోక ఎదురుగా ఉండాలి. బీటా 58 లాంటి సూపర్ కార్డియాయిడ్‌కు వెనక కాస్త వినపడుతుంది, మానిటర్‌ను కొంచెం పక్కకు జరపాలి. మైకు తలను గుప్పిట్లో పట్టుకుంటే ఏ మైకైనా కూస్తుంది.

మూడోది, మాట. తెలుగు పాటలో ఒత్తులు, ద్విత్వాలు పోతే అర్థమే పోతుంది. గిటార్లు రెండూ 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య గొంతు మీదికొస్తే ముందు పోయేవి అవే. అక్కడ గిటార్లను రెండు మూడు డెసిబెల్స్ తగ్గించండి. ఎలా తెలుసుకోవాలి? మీ పాట ఎప్పుడూ వినని మనిషిని, హాలు సిబ్బందైనా సరే, ఆఖరి వరసలో కూర్చోబెట్టి ఒక చరణం పాడి, విన్నది తిరిగి చెప్పమనండి. సగం చెబితే గొంతు ఇంకా లోపలే ఉందన్నమాట. బ్యాండ్ సభ్యులు చేసే పరీక్ష పనికిరాదు, వాళ్లకు మాటలు ముందే తెలుసు.

సెట్ విషయానికొస్తే, కూర్చున్న ఆడియెన్స్ మొదటి పాటకే ఊగరు. రెండు గట్టి పాటల తర్వాత నెమ్మది పాట వాళ్లను దగ్గరికి తెస్తుంది. క్లబ్‌లో అదే చోట నెమ్మది పాట పెడితే జనం బార్‌వైపు మళ్లుతారు. సెట్లు రెండు ఉండాలన్నది ఇందుకే.

7. కరెంటు: దీన్ని దాటేయవద్దు

ప్రతి వేదికలో, ఏదీ ప్లగ్ చేయకముందు, మల్టీమీటర్‌ను ఏసీ వోల్ట్‌లలో పెట్టి స్టేజీ మీది ప్రతి బోర్డూ చూడండి. ఫేజ్, న్యూట్రల్ మధ్య 230 దగ్గర ఉండాలి, 207 కంటే తగ్గినా 253 దాటినా ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఫేజ్, ఎర్త్ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్, ఎర్త్ మధ్య రెండు మూడు వోల్ట్‌లు మించకూడదు. ఫేజ్, ఎర్త్ మధ్య ఏమీ రాకపోతే ఎర్తే లేదన్నట్టు. ఆ బోర్డు వాడొద్దు.

స్టేజీ మీది వాయిద్యాలు, ఆంప్‌లు, మిక్సర్ అన్నీ ఒకే ఫేజ్ మీద, ఒకే ఎర్త్ మీద ఉండాలి. లైట్లు వేరే ఫేజ్ మీద. డిమ్మర్ల జుయ్‌మనే చప్పుడు కూడా ఇలాగే తగ్గుతుంది.

తర్వాత, గిటార్ ప్లగ్ చేసి, ఎవరూ ముట్టుకోకుండా, మీటర్ ఒక తీగను గిటార్ తీగకూ, ఇంకో తీగను మైకు జాలీకీ ఆనించండి. సున్నాకు దగ్గరగా ఉంటే పాడొచ్చు. పదుల వోల్ట్‌లు చూపిస్తే గాయకుడి పెదవులకు షాక్ తగులుతుంది, సరిచేసేదాకా స్టేజీ ఎక్కవద్దు.

స్పీకర్లలో హమ్ (ఆగకుండా వచ్చే సన్నని మోత) వస్తోందని మూడో పిన్ను విరిచేసేవాళ్లను చూస్తుంటాం. హమ్ పోతుంది, దానితోపాటే రక్షణ కూడా పోతుంది. హమ్ వస్తే డీఐ బాక్సు మీది గ్రౌండ్ లిఫ్ట్ బటన్ నొక్కండి, ల్యాప్‌టాప్ చార్జర్ తీసి చూడండి, పెడళ్లకు ఐసొలేటెడ్ పవర్ సప్లై వాడండి.

8. చెవులు, గొంతు

అమెరికాలో పనిచోట భద్రత, ఆరోగ్యాల మీద పరిశోధన చేసే ఎన్‌ఐఓఎస్‌హెచ్ సూచన ప్రకారం 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు 8 గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ టైము సగం. 100 దగ్గర పావుగంటే. డ్రమ్మర్ పక్కన నిలబడేవాళ్లు సౌండ్‌చెక్‌లోనే ఆ కోటా దాటేస్తారు. ఇయర్ ప్లగ్స్ ప్రాక్టీస్‌లోనే అలవాటు చేసుకోండి. వరసగా రెండు రోజులు షో ఉంటే, గాయకుడిని బండిలో కబుర్లలోకి లాగకండి.

విశాఖ, చెన్నై ఉక్కలోంచి ఏసీ హాలులోకి వెళ్తే గిటార్ శ్రుతి మారుతుంది. కేసు మూత తెరిచి అరగంట ఉంచి, ఆ తర్వాత శ్రుతి చేయండి. షోకు ముందు ఇంకోసారి.

9. ఫలితం చూసుకోవడం, లెక్క తేల్చుకోవడం

ప్రతి షోనూ ఫోన్‌లో మూడుచోట్ల రికార్డ్ చేయించండి: ముందు వరస, మిక్సర్ పక్కన, ఆఖరి వరస. మర్నాడు ప్రయాణంలో ఆఖరి వరసది మొదట వినండి. గొంతు మాటలు, కిక్, బేస్ మూడూ విడివిడిగా తెలియాలి. బేస్ ఒకే మోతగా ఉంటే తర్వాతి హాల్లో బేస్ ఆంప్ తగ్గించి స్పీకర్లలో పెంచండి.

డబ్బు లెక్క సామాను సర్దే హడావిడిలో కాకుండా, ఒకరు క్లబ్ మేనేజర్ దగ్గర కూర్చుని చూడాలి. టికెట్ యాప్ చూపించే సంఖ్య, గేటు దగ్గర అమ్మినవి, ఉచిత పాసులు మూడూ రాసుకోండి. టీడీఎస్ కోస్తే ఎంత కోశారో బిల్లు మీద రాయించుకోండి, తర్వాత మీ పాన్ కింద పన్ను పోర్టల్‌లో కనపడిందో లేదో చూడండి.

బండి కదిలేముందు సామాను జాబితా ఒకరు చదువుతుంటే ఇంకొకరు ముట్టుకుని లెక్కపెట్టాలి. ఎక్కువగా మర్చిపోయేవి డీఐ బాక్సులు, ల్యాప్‌టాప్ చార్జర్, డ్రమ్ కిట్‌కే ఉండిపోయిన మీ కిక్ పెడల్.